బాంగు వినిపించేదాకా

నాకు ముక్కు మీద కోపం. క్రికెట్ ఆడేటప్పుడు అది నెత్తికెక్కుతుంది. బాల్ కనబడితే బాదాలి, లేదంటే అవుటై వచ్చి నీడన కూర్చోవాలి. మధ్యలో నిలబడి ఠుక్కు ఠుక్కుమంటూ బ్యాటు అడ్డం పెట్టేవాళ్ళంటే నాకు చిన్నప్పట్నుంచీ చిరాకు. అలాంటి నేనే ఒక సాయంత్రమంతా కిక్కురుమనకుండా బ్యాటు అడ్డం పెట్టాను. నేను ఆడిన వాటిలో అంతకన్నా మంచి ఆట లేదని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాను. దానికి కారణం మా క్యాంపులోని ఒక వెల్డరు, ఆయన భార్య.

మా కంపెనీ క్యాంపు ఒమాన్‌లోని సోహార్‌లో. నేను స్టోర్స్ చూస్తాను, మాది కాకినాడ వైపు. వెల్డరుది జగిత్యాల దగ్గర పల్లె. వయసులో నాకన్నా బాగా పెద్దవాడు. డ్యూటీలో నన్ను ‘సారు’ అంటాడు, శుక్రవారం గ్రౌండులో దిగాక ‘తమ్మీ’ అంటాడు. బస్సు మెట్టు దిగేటప్పుడు పిలుపు మారిపోతుంది, ఏనాడూ తడబడలేదు.

శుక్రవారం సెలవు. ఆ రోజు కంపెనీ బస్సు మా క్రికెట్ టీమును అల్ సువైక్ తీసుకెళ్తుంది. గంటకు పైనే ప్రయాణం. మస్కట్ టీములకీ మాకూ మధ్యలో పడుతుందని లీగువాళ్ళు అక్కడ ఒక ఖర్జూర తోట పక్కన ఖాళీ జాగా మాట్లాడారు. మట్టి నేల, నడుమ సిమెంటు పిచ్, దానిమీద మ్యాట్ పరుచుకుంటాం. తోట యజమాని మా దగ్గర ఏమీ తీసుకోడు. ఆయనది ఒక్కటే షరతు. పొద్దుగూకే వేళ మసీదు నుంచి మగ్రిబ్ బాంగు వినిపించగానే ఆట ఆపెయ్యాలి, ఆ తర్వాత ఒక్క బాల్ కూడా వెయ్యకూడదు.

వెల్డరుకు క్రికెట్ రాదు. ఆయన టీములో చేరింది బస్సు కోసం. ఆయన భార్య ఆ సువైక్‌లోనే ఒక ఇంట్లో పనికి ఉంటుంది. ఇద్దరూ ఉండేది ఒకే దేశంలో. కానీ ఆయన క్యాంపుకు ఆమె రాకూడదు, ఆమె ఉండే ఇంటికి ఆయన పోకూడదు. ఆ ఇంటి పెద్దావిడ మంచి మనిషి. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆమెను బయటికి పంపుతుంది, మగ్రిబ్ వేళకు కారు పంపి మళ్ళీ పిలిపించుకుంటుంది. ప్రతివారం టాక్సీలో వచ్చిపోవడం వెల్డరు వల్ల అయ్యే పని కాదు. బస్సులో సీటు టీములో ఉన్నవాళ్ళకే ఇస్తారు. అందుకని నలభై దాటాక ఆ మనిషి క్రికెటర్ అయ్యాడు.

ఆమె తోట గోడ పక్కన నీడలో కూచుంటుంది. మేం ఫీల్డింగ్ చేస్తుంటే ఆ మూల బౌండరీ ఎప్పుడూ వెల్డరుదే. బౌలింగు ఎవరిదైనా సరే, ఆయన మాత్రం అక్కడే. ఓవరుకీ ఓవరుకీ మధ్య ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో పడి ఆయన వదిలేసిన ఫోర్లు ఇన్నీ అన్నీ కావు. నేను వికెట్ల వెనక నుంచి గొంతు చించుకుని “అన్నా, బాలూ!” అని అరిచేవాణ్ణి. ఆయన గోడ దాకా నడిచి వెళ్ళి బాల్ తెచ్చిచ్చి “పోయిందా తమ్మీ?” అనేవాడు. మా కెప్టెన్ ఎన్ని తిట్లు తిట్టినా ఆయన్ని ఆ మూల నుంచి మాత్రం కదపలేదు. ఈ ఏర్పాటు గురించి టీములో ఎవరూ నోరు విప్పి అనుకున్నది లేదు.

నిరుడు సీజనంతా ఓడి ఓడి వచ్చాం. ఎండలు తగ్గి కొత్త సీజన్ మొదలవుతుందనగా క్యాంప్ బాస్ మెస్సులోకి వచ్చి, మొదటి మ్యాచ్ ఫలితం చూస్తానన్నాడు. “హారే తో బస్ బంద్” అన్నాడు. ఓడితే ఇక శుక్రవారాల్లో బస్సు ఉండదని. ఆయన్నీ తప్పుపట్టలేం. సెలవు రోజున బస్సు సోహార్ బజారుకు వెయ్యమని క్యాంపులో మిగతావాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. ఆ మాట వినగానే టీము టీమంతా వెల్డరు వైపు చూశాం. ఆయన అన్నం కలుపుకుంటున్నాడు, తలెత్తలేదు.

మమ్మల్ని ఒడ్డున పడేసినవాడు మా ప్రాజెక్ట్ మేనేజరు. ఇంగ్లండ్ ముసలాయన. వాళ్ళ ప్రాంతం టీమంటే, కౌంటీ అంటారట, ఆయనకు ప్రాణం. అక్కడ సీజన్ మొదట్లో, జనం దుప్పట్లు కప్పుకుని కూచునే చలిలో, వాళ్ళవాళ్ళు రోజంతా అవుటవకుండా నిలబడి మ్యాచ్ కాపాడుకున్న వైనాన్ని ఆఫీసులో మాకు చేతులూపుకుంటూ చెప్పేవాడు. లీగులో ఆయన మాటకు విలువుంది, అంపైరింగ్ కూడా చేస్తాడు. ఈసారి మొదటి మ్యాచ్ ఓవర్ల లెక్కతో వద్దనీ, కౌంటీ పద్ధతిలో పొద్దుపోయేదాకా ఆడిద్దామనీ అందర్నీ ఒప్పించాడు. ముందు ఆడినవాళ్ళు చాలనుకున్నప్పుడు ఆపేస్తారు. తర్వాతివాళ్ళు ఆ స్కోరు కొట్టలేకపోయినా, పొద్దుగూకేదాకా అందరూ అవుట్ కాకుండా ఉంటే డ్రా. “డ్రా అంటే ఓడినట్టా?” అని మా కెప్టెన్ అడిగాడు. ఎవరూ ఓడనట్టేనన్నాడు ముసలాయన. క్యాంప్ బాసుకు కూడా తనే చెప్తానన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని బస్సెక్కాం.

మా మీద ఆడింది మస్కట్‌లోని అజైబా ఆఫీసుల వాళ్ళ టీము. తెల్లని బట్టలు, ఎవరి కిట్ వాళ్ళది. టాస్ గెలిచి మధ్యాహ్నం భోజనాల దాకా మమ్మల్ని ఎండలో పరిగెత్తించి, మేం కలలో కూడా కొట్టలేనంత స్కోరు చేసి ఆపారు. మా బ్యాటింగ్ మొదలైంది మొదలు ఒకరి వెనక ఒకరు వచ్చేస్తున్నారు. అసర్ అయ్యాక వెల్డరు భార్య వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బా. సర్వపిండి చేసుకొచ్చింది. వెల్డరు కాళ్ళకు ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఆమె పక్కన కూచుని తింటున్నాడు. నేను పిచ్ మీద నుంచి చూస్తూనే ఉన్నాను. తొమ్మిదో వికెట్ పడేసరికి ఆయన ఇంకా సగం ముక్క మీదున్నాడు. దాన్ని డబ్బాలో పెట్టేసి, మూతి తుడుచుకుని లేచాడు.

పొద్దు ఇంకా ఖర్జూర చెట్ల తలల మీదే ఉంది. బాంగుకు చాలా టైముంది. ఆయన నడిచొస్తుంటే ఇక అయిపోయిందనుకున్నాను. అవతలి కెప్టెన్ విజయవాడ మనిషి, మాటకు మంచివాడు. ఆయనతో సంగతి చెప్పేస్తాను, కాస్త చూసీ చూడనట్టు వేయిస్తాడు అన్నాను.

వెల్డరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. “జెప్పకు తమ్మీ. ఆల్లు జాలిపడి ఇడిసిపెడితె నాకు ఆమె మొఖం జూడబుద్ధిగాదు. మనమే నిలవడుదాం. నువ్వు కొట్టకు. ఊకుండు.”

ఊకుండు. నాతో ఆ మాటన్నవాళ్ళు ఇంతకుముందు ఎవరూ క్షేమంగా పోలేదు. ఇక్కడ మాత్రం నోరు మూసుకున్నాను.

మొదటి ఓవర్లోనే బాల్ వచ్చి ఆయన ప్యాడ్లకు తగిలింది. పదకొండుమందీ ఒక్క గొంతుతో అరిచారు. అంపైరుగా నిలబడ్డ ముసలాయన తల అడ్డంగా ఊపాడు. మా కంపెనీ మనిషైనా ఆయన మాకు ఒక్క వైడ్ కూడా ఊరికే ఇచ్చే రకం కాదు, కాబట్టి అది నిజంగానే అవుట్ కాదు. వెల్డరు నా దగ్గరికొచ్చి “ఏమంటున్నరు?” అన్నాడు.

“కాలు అడ్డం పెడితే అవుటిస్తారన్నా.”

“బ్యాటుకు తాకకపోతె మరి దేనికి తాకాలె?”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తర్వాత ఆయన కాలు పక్కకు తీసేశాడు. దాంతో రెండు బాల్స్ తొడకీ, ఒకటి మోచేతికీ తగిలాయి. ఒక్కసారి కూడా చెయ్యి పెట్టి రుద్దుకోలేదు, అటువైపు నుంచి ఆమె చూస్తోందని. నాకేమో వాళ్ళ స్పిన్నరు చేతికందేలా గాల్లో ఊరించి ఊరించి వేస్తున్నాడు. బ్యాటు ఎత్తబోయినప్పుడల్లా అవతలి చివర నుంచి “ఊకుండు తమ్మీ, ఊకుండు” అని వినపడేది. పళ్ళు కొరుక్కుంటూ ఊకున్నాను.

అలా చాలాసేపు గడిచింది. ఎండ పసుపచ్చబడింది. అప్పుడు ఆమె లేచి బౌండరీ దాకా వచ్చి నిలబడింది.

“ఏందయ్యా, ఇంకెంతసేపు? నాకు యాళ్ళయితాంది!”

ఫీల్డర్లు పకపకా నవ్వారు. వెల్డరు చెయ్యెత్తి “జరాగు” అన్నాడు, అంతే. ఆమె మొహం చిన్నబుచ్చుకుని వెనక్కి వెళ్ళి గోడవైపు తిరిగి కూచుంది. నాకు ఒళ్ళు మండింది, ఆ నవ్విన వాళ్ళమీద. “ఆమెకు బస్సు సంగతి చెప్పలేదా?” అని అడిగాను. లేదన్నాడు. భయపడుతుందని చెప్పలేదట.

అప్పటిగ్గానీ నా బుర్రకు తట్టలేదు. ఆమెకు దొరికేది వారానికి ఆ కాస్త పొద్దే. ఆయన ఆడుతున్న ఒక్కో బాలూ అందులోంచే పోతోంది. ఇప్పుడు అవుటైతే వెళ్ళి ఆమె పక్కన కూచోవచ్చు, మిగిలిన సర్వపిండి తినొచ్చు. కానీ ఇక వచ్చే వారాలేవీ ఉండవు. వచ్చే వారాలు కావాలంటే ఈ వారం పోగొట్టుకోవాలి. పైగా ఆమె కోపం కూడా పడాలి. ఆ మనిషి ఆ లెక్క నడిచి వచ్చేటప్పుడే తేల్చుకున్నాడు. ఎదురుగా నిలబడి ఇంతసేపూ నేను చూసింది స్కోరుబోర్డునే.

“అటు చూడకన్నా, బాల్ చూడు” అన్నాను. ఈసారి నా గొంతులో కోపం లేదు.

చివరి ఓవర్లు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. ఫీల్డర్లంతా మా చుట్టూ ముసురుకున్నారు. ఆయన బ్యాటుకు తగిలిన ఒక బాల్ స్లిప్పులో మనిషి వేళ్ళ దాకా వెళ్ళి కింద పడింది. ముసలాయన ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి మసీదు వైపు చూస్తున్నాడు. వాళ్ళ ఫాస్ట్ బౌలరు పరుగు మొదలుపెట్టాడు, ఎదురుగా వెల్డరు. బౌలరు సగం దూరం వచ్చాడు. అప్పుడు బాంగు వినిపించింది.

ఆ బౌలరు కుర్రాడు తలచుకుంటే ఆ ఒక్క బాలూ వేసేసేవాడే. ఆగిపోయాడు. బాల్ జేబులో పెట్టుకుని, నేరుగా వెల్డరు దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపాడు. వాళ్ళ కెప్టెన్ వచ్చి ఆయన వీపు తట్టాడు. వాళ్ళెవరికీ ఏమీ తెలియదు. తెలియకుండానే అంత మర్యాద చేశారు. నాకు కళ్ళు చెమర్చాయి. చెమట అని చెప్పుకున్నాను గానీ కాదు. ఆ సాయంత్రం అందరికీ దండం పెట్టాలనిపించింది. ఊరికే జాగా ఇచ్చిన తోట యజమానికి, ఆమెను బయటికి పంపే ఆ ఇంటి పెద్దావిడకు, ఎక్కడో చలిలో ఆడే ఆటను మా దాకా తెచ్చిన ముసలాయనకు. నా భార్యాపిల్లలు కాకినాడలో ఉంటారు, ఫోన్లోనే చూసుకుంటాను. ఇంకొకరి శుక్రవారం నిలబెట్టడంలో నా చెయ్యి కూడా ఒకటుందని ఇవాళ్టికీ తల్చుకుంటే కడుపు నిండినట్టుంటుంది.

వెల్డరు ప్యాడ్లు కూడా విప్పకుండా గోడవైపు నడిచాడు. ఆయన బ్యాటు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. రోడ్డు మీద ఆ ఇంటి కారు వచ్చి ఆగి ఉంది. ఆమె డబ్బా సంచిలో పెట్టేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది, ఆయన వైపు చూడటం లేదు. మా వెనకాల మావాళ్ళు “డ్రా! డ్రా!” అని గంతులేస్తున్నారు. ఇక్కడ ఏ సూపర్‌మార్కెట్‌కి పోయినా లక్కీ డ్రా కూపన్లే. ఆమెకు తెలిసిన డ్రా అదొక్కటే. అంత కోపంలోనూ ఆగి అడిగింది.

“డ్రా అంటున్నరు? డ్రా అచ్చిందా? ఏం తగిలింది?”

“బస్సు తగిలింది” అన్నాడాయన.

“బస్సా? బస్సేం జేసుకుంటం?”

“ఓడితె శుక్కురారం బస్సు బంద్ జేస్తనన్నడు క్యాంప్ బాసు. ఓడలే. ఇగ బంద్ జెయ్యడు.”

ఆమె చెప్పుల మీంచి తలెత్తింది. ఆయన మోచెయ్యి దగ్గర కమిలిన చోట చూసింది. ముందుగాల జెప్తె ఏమాయె అని చిన్నగా కసిరింది. రోడ్డు మీద కారు హారన్ కొట్టింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది.

“మల్లచ్చే శుక్కురారం ఏం జేసుకరావాలె?” అని అడిగింది.