కొత్త పిస్టల్‌కు బొట్టు పెట్టిన దసరా

మరమగ్గం నడుస్తుంటే మా ఇంట్లో ఫోను మోగినా వినబడదు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. మొన్న శుక్రవారం మనవరాలు వచ్చి, నన్ను అడగకుండానే మోటారు ఆపింది. హోరు ఆగేసరికి ఇల్లంతా ఖాళీ అయినట్టయింది. "తాతా, ఉస్తాద్ ఇగ లేడట" అంది. తెగిన పోగు నా చేతిలోనే ఉంది. ముడి వేయడానికి చాలాసేపు పట్టింది.

నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. రాయడం పెద్దగా రాదు, మాట్లాడటం అంతకన్నా తక్కువ. అయినా ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలనిపించింది.

ఉస్తాద్ పోలీసు ఆయుధాల మరమ్మతు పని చేసి రిటైరయ్యారు. కరీంనగర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, పిల్లలకు ఎయిర్ పిస్టల్ కాల్చడం నేర్పేవారు. అందులో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడికి చిన్న సీసపు గుళిక పోయి, పది మీటర్ల దూరంలోని కాగితానికి తగులుతుంది. ప్రతి ఆదివారం మనవరాలిని సిరిసిల్ల నుంచి బస్సులో తీసుకుపోయి, నేను గోడవారన స్టూలు మీద కూర్చునేవాణ్ణి.

"ఏం భాయ్, ఇయ్యాల ఎన్ని మాటలు తెచ్చినవ్?" అనేవారు. నేను నవ్వి రెండు వేళ్లు చూపేవాణ్ణి. "రెండేనా? సరే, పొయ్యేటప్పుడు వాడుకో" అని చాయ్ చేతిలో పెట్టేవారు.

పిస్టల్ ముందు కొసన, గురి చూసేందుకు చిన్న మొన ఉంటుంది. పిస్టల్ ఎత్తిన పిల్లకు ఆయన చెప్పేది ఒకటే. "ముందలి మొన సాఫ్‌గ కనవడాలె బిడ్డా. గురి మసకగ ఉండని. పరేషాన్ గాకు."

మూడేళ్లు మా పిల్ల షెడ్డులోని పాత స్ప్రింగు పిస్టల్‌తోనే నేర్చుకుంది. రాష్ట్ర పోటీకి పేరు వచ్చాక, ఉన్న రెండు సాంచాల్లో ఒకటి అమ్మి కొత్త పిస్టల్ కొన్నాను. ఉస్తాద్ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. పాతది బరువు, పిడి చెక్కది, ఆయన బొటనవేలు రాసి రాసి గుంట పడింది. కొత్తది తేలిక, కింద గాలి నింపే గొట్టం.

"రెండూ కాల్చి చూడు. పాతది తన్నుతది. నీ తప్పు దాని తన్నుల దాగుతది. కొత్తది తన్నది. తప్పు నీదైతే నీదే అంటది" అన్నారు. పిల్ల పది పాతదానితో, పది కొత్తదానితో కాల్చింది. కొత్తదాని కాగితం మీద రంధ్రాలు దగ్గరగా పడ్డాయి. ఆ రోజు బస్సులో ఆమె ఆ డబ్బాను ఒడిలోంచి దించలేదు.

ఆ వారంలోనే దసరా వచ్చింది. దసరా నాడు మేము పనిముట్లకు పూజ చేస్తాం. సాంచాకు నూనె పోసి, పసుపు కుంకుమ పెడతాం. కొత్త పిస్టల్‌ను కూడా సాంచా పక్కన పెట్టాను. చేతికి అలవాటైన పని. ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ నూనె చుక్క వేశాను, గుళిక పోయే గొట్టంలో కూడా. పిడికి బొట్టు పెట్టి, పూజయ్యాక తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం గుళికలు చెల్లాచెదురుగా పోయాయి. కాగితం జల్లెడైంది. పిల్ల పిస్టల్‌ను బల్ల మీద పెట్టేసి, "ఇది నాకద్దు. నా చెయ్యే మంచిగ లేదో ఏమో. నేను పోటీకి పోను" అంది. పోటీకి ఇంకా రెండు వారాలే ఉంది.

ఉస్తాద్ గుళిక పోయే గొట్టంలో గుడ్డపేలిక దూర్చి లాగి, వాసన చూశారు. తర్వాత నా వైపు చూసి, బయటికి రమ్మన్నారు.

"పూజ జేసినవా?"

తల ఊపాను.

"దండం పెట్టుకుంటె నేనెందుకు వద్దంట? గని దాని నోట్లె నూనె వోస్తరా భాయ్? అదేమన్న నీ సాంచానా?"

"జర సాఫ్ జేసియ్యుండ్రి ఉస్తాద్. పోరికి చెప్పకుండ్రి" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "సాఫ్ జేసుడు నా పని. చెప్పుడు నీ పని. ఎందుకు తప్పిందో తెల్వకుంటె ఆ పోరి తన చెయ్యినే నమ్మది."

లోపలికి పోయాను. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, వెళ్లనివ్వకుండా, తొందర పెట్టకుండా చూశారు.

"నీ చెయ్యి మంచిగనే ఉన్నది బిడ్డా. నేనే. దసరా నాడు దానికి సాంచా నూనె వోసిన."

పిల్ల కళ్లు పెద్దవి చేసింది. "అయ్యో తాతా! పిడి సందుల ఎర్రగుంటె కంపెనీ రంగేమో అనుకున్న!"

"బొట్టు వెట్టినంక ఊకుంటదా? పేరంటానికి వోయింది" అన్నారు ఉస్తాద్. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆయన పిస్టల్‌ను విప్పి, నూనె తాగిన రబ్బరు రింగులు మార్చి, గొట్టం తుడిచి ఇచ్చారు. మళ్లీ పది, పది కాల్పించి, రెండు కాగితాలూ ఎండకు పట్టి చూపారు. పిల్ల కొత్తదాన్నే చేతిలోకి తీసుకుంది. పోటీలో పతకం రాలేదు గానీ, పై పోటీకి అర్హత వచ్చింది. "గురి చూసినవా, మొన చూసినవా?" అని అడిగారు. "మొననే" అంది. "శభాష్" అని ఆయన తన చాయ్ కూడా ఆమెకే ఇచ్చారు.

ఆ తర్వాతి దసరాకు బొట్టు పిస్టల్‌కు కాదు, డబ్బాకు పెట్టాను. ఆదివారం షెడ్డులో అది చూసి, ఉస్తాద్ పాత పిస్టల్ డబ్బా కూడా నా ముందు పెట్టారు. "మా ముసల్దానికి పెట్టవా? అలుగుతది."

ఆయన్ను ఖననం చేసేటప్పుడు ఖబరస్తాన్‌లో అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేశాను. అందరూ కదిలాక నా రెండు మాటలూ వాడుకున్నాను. "పోయొస్త, ఉస్తాద్."

నిన్న ఆదివారం ఆయన భార్య షెడ్డు తాళం చెవి మా పిల్ల చేతిలో పెట్టింది. నేర్చుకోవడానికి ముగ్గురు ఆడపిల్లలు అప్పటికే వచ్చి ఉన్నారు. వాళ్లకు ముందు పాతదానితోనే నేర్పాలంది మా పిల్ల. దాని డబ్బా మూత మీద నేను పెట్టిన బొట్టు వెలిసిపోయి ఇంకా ఉంది. అది చెరగకుండా, వేళ్లు పక్కకు జరిపి, ఆమె మూత తెరిచింది.