బావ వేలిముద్రలు

రాయపూర్ కాలేజీలో మానవశాస్త్రం చదివే రోజుల్లో మా క్లాసులో తెలుగుపిల్లని నేనొక్కదాన్నే. బంధుత్వాల పాఠం రోజున మాస్టారు బోర్డు మీద మగవాళ్ళకి త్రికోణాలు, ఆడవాళ్ళకి సున్నాలు వేసి, మొగుడూ పెళ్ళాల మధ్య రెండు అడ్డగీతలు గీశారు. దక్షిణాదిలో మేనమామ కొడుకుని కూడా చేసుకుంటారని చెప్పగానే క్లాసంతా నా వైపు తిరిగింది. నాకు ఒళ్ళు మండింది. నేనేం మ్యూజియంలో బొమ్మనా?

మండటానికి ఇంకో కారణం ఉంది. శ్రీకాకుళంలో మేనమామ కొడుకు, మా బావ అంటే నాకు ఇష్టం. నేను పుట్టిన రోజే పెద్దవాళ్ళు మాట అనేసుకున్నారు. బావ మాత్రం ఔననీ అనడు, కాదనీ అనడు. ఉలకడు, పలకడు.

ఆ శ్రావణంలో తన దుకాణానికి మా ఊరి పండరీ బజారులో బట్టలు కొనడానికి బావ వచ్చాడు. నా రికార్డుకి వేలిముద్రలు కావాలి. దొంగల్ని పట్టే శాస్త్రానికి అదే ఓనమాలు. పొద్దున్నే బావని కూర్చోబెట్టి, గాజుపలక మీద అచ్చుసిరా పూసి, పది వేళ్ళూ కాగితం మీద దొర్లించాను. అప్పుడే పక్కింటి భాభీ పళ్ళెంతో దిగింది. పళ్ళెంలో దీపం, మిఠాయి, రాఖీ. రాఖీ పండగన్న సంగతే నాకు గుర్తులేదు.

"మామా కా లడ్కా తో భాయీ హువా న, బిటియా. బాంధ్ దో," అంది. మేనమామ కొడుకంటే అన్నేగా, కట్టెయ్యమని.

అమ్మ కుడితిలో పడ్డ ఎలకయింది. మా నాన్న అమ్మకి స్వయానా మేనత్త కొడుకు. అది తెలిస్తే భాభీ మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టదని, ఇరవై ఏళ్ళుగా నాన్న దూరపు చుట్టమని నెట్టుకొస్తోంది. ఇప్పుడు నోరు విప్పితే తన కాపురం బయటపడుతుంది. విప్పకపోతే నా కాపురం మొదలే కాదు.

భాభీ బావ చేతులు చూసి, "హాథ్ ధో లో, బేటా," అని, చేతులు కడుక్కోమని చెప్పి పీట లాక్కుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది.

బావ లేవలేదు. కుడి బొటనవేలు మళ్ళీ సిరాలో పెట్టాడు.

"ఈ ఏలు సరిగా పడనేదు. మల్లీ తీసీ," అన్నాడు.

పడింది. గీతలు లెక్కపెట్టుకునేంత శుభ్రంగా పడింది. అయినా తీశాను. తరవాత చూపుడు వేలు. పదీ అయ్యాక మళ్ళీ బొటనవేలుకి వచ్చాడు. మూడు విడతలయ్యేసరికి భాభీ దీపంలో నెయ్యి అయిపోయింది. తన తమ్ముడు వచ్చాడని కబురొస్తే, గొణుక్కుంటూ పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోయింది.

బావ నా రికార్డు తిరగేసి, మా వంశవృక్షం ఉన్న పేజీ దగ్గర ఆగాడు. తన త్రికోణానికీ నా సున్నాకీ మధ్య నేను ఖాళీ వదిలేశాను. నల్లటి వేలితో అక్కడ రెండు గీతలు లాగాడు.

పేజీ మరకలు చేశానని మాస్టారు రెండు మార్కులు కోశారు. పాపం, అంత చదువుకున్న మనిషికి అది పెళ్ళని తెలియలేదు.