కింది సొరుగు

గనుల జోరు రోజుల్లో బళ్ళారి కలెక్టరాఫీసులో నా పక్క సీటు గుమాస్తా, తిరిగొచ్చిన ప్రతి కాగితాన్నీ కింది సొరుగులో దాచేవాడు. "ఉండనీప్పా, పనికొస్తాది" అనేవాడు. బడి వేళల్లో యశ్వంతనగర్ రోడ్డు మీద ఖనిజం లారీలు తిరగకూడదని ఆయన రాసిన ఉత్తర్వు మూడుసార్లు సంతకం లేకుండానే వెనక్కొచ్చింది.

ఒక ఉదయం ఆ రోడ్డు మీద లారీ గుద్ది ఇద్దరు బడిపిల్లలు చనిపోయారు. జనం రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఉత్తర్వు కావాలని పైనుంచి ఫోను వచ్చింది. ఆయన సొరుగు తెరిచి, పాత కాగితంలో తేదీ ఒక్కటే మార్చాడు. సాయంత్రానికి సంతకమైంది. ఇంత త్వరగా రాసినందుకు పెద్ద సారు మెచ్చుకున్నాడు.

ఆయన మాత్రం సొరుగులోకే చూస్తున్నాడు. "ఏంది సార్?" అన్నాను.

"ఈడ ఇంకా రెండుండాయప్పా. ఒకటి రైలు గేటుది, ఇంకోటి తాగే నీళ్ళది."