కుళాయి కింద గోంగూర మటన్

ఈ సాయంత్రం అమెరికాలోని ప్లేనోలో ప్రసాద్ అంకుల్ ఇంటికి విందుకెళ్లి ఒళ్లు మండి తిరిగొచ్చాను. ఆయన తన అమెరికన్ బాస్ కోసం కాబెర్నే అనే ఎర్ర ద్రాక్ష వైన్ తెరిచారు. వెంటనే వంటింట్లోకి వచ్చి, ఆంటీ పొద్దుటి నుంచి వండిన గోంగూర మటన్ చూసి కంగారుపడ్డారు.

"ఇది వగరు వైన్. కొవ్వు మాంసంతో బాగుంటుంది, కారం తగిలితే చేదెక్కుతుంది. ఆ ముక్కలు కడిగెయ్!"

"మటన్ కడగనండీ. కావాలంటే మీ వైనే కడుక్కోండి," అంది ఆంటీ.

ఆయనే ముక్కలన్నీ ఏరి కుళాయి కింద కడిగారు! వండిన చేతిని అవమానించే నాగరికత ఏం నాగరికత? నా గ్లాసులో వైన్ సింకులో ఒంపేసి, ముక్కల్లేని ఆ గోంగూరతోనే ఆంటీ పక్కన నిలబడి అన్నం తిన్నాను. మీరైతే ఆ విందు బల్ల దగ్గర కూర్చునేవారా?