పూజలో పెట్టిన పన్నెండు మాటలు

2022 దసరా. చిత్తూరులో నా కంప్యూటర్ సర్వీసు షాపుకు షట్టరు దించి ఇంట్లో ఆయుధపూజ చేసుకున్నాను. మా వైపు ఆ రోజు పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టి గంధం, కుంకుమ పెడతాం. మరునాడు పొద్దున మళ్లీ హారతి ఇచ్చేదాకా వాటిని కదిలించం. నా స్క్రూడ్రైవర్లు, పెన్‌డ్రైవులు, పాత మల్టీమీటరు అన్నీ పటాల ముందే ఉన్నాయి. ఏడాదిలో ఎవరూ పని చెప్పకూడని రోజు అదొక్కటే కాబట్టి ఫోను మోగితేనే నాకు చిరాకు. గిరిజ పేరు కనబడింది కాబట్టి ఎత్తాను.

గిరిజ నా షాపుకు పాత కస్టమరు, కట్టమంచిలో ఒక బెల్లం మండీ వాళ్ల కోడలు. ఇంట్లోనే కంప్యూటరు మీద ఒక విదేశీ కంపెనీకి పిల్లల ఆటల బొమ్మలు గీస్తుంది. వాళ్లు ఆమెకు బిట్‌కాయిన్‌లో ఇచ్చేవాళ్లు. ఆ సంపాదనను ఆమె ముట్టుకోకుండా దాచుకుంటూ వచ్చింది. పూతలపట్టు క్రాసు దగ్గర ఒక గది తీసుకుని, బొమ్మలు గీయడం వచ్చిన నలుగురు ఆడపిల్లలను కూర్చోబెట్టి పని ఇవ్వాలని ఆమె పట్టుదల. గది చూసుకుంది. పండగ కాగానే అడ్వాన్సు ఇస్తానని మాట కూడా ఇచ్చింది.

"అన్నా, మా అత్త సీడ్ ఫ్రేజ్ ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసినాది" అంది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బిట్‌కాయిన్ లాంటి వాటికి వాడే క్రిప్టో వాలెట్‌లో నిజానికి డబ్బు ఉండదు, ఆ డబ్బును కదిలించే తాళంచెవి ఉంటుంది. వాలెట్ తయారు చేసుకున్నప్పుడు అది వరుసగా పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇస్తుంది. దాన్నే సీడ్ ఫ్రేజ్ అంటారు. కంప్యూటరు కాలిపోయినా సరే, ఇంకో కంప్యూటరులో ఆ మాటలు వరుసగా కొడితే వాలెట్ తిరిగి వస్తుంది. చిక్కు ఏమిటంటే, ఎవరు కొట్టినా వస్తుంది. పోయాక మొరపెట్టుకోవడానికి బ్యాంకు మేనేజరు లాంటివాడు ఎవడూ ఉండడు.

గిరిజ ఆ కాగితాన్ని పూజగదిలో పటం వెనక దాచింది. "నా పనంతా దీంట్లోనే ఉండాది, జాగ్రత్త అత్తా" అని మాత్రం చెప్పింది. అత్త కుప్పమ్మగారు ఆ మాట మరిచిపోలేదు. ఆయుధపూజ నాడు కోడలి పనంతా ఉన్న కాగితానికి పూజ చేయకపోతే ఎలా? కీబోర్డు మీద నిలబెట్టి, నాలుగు మూలలా కుంకుమ పెట్టి, ఫోటో తీసి చుట్టాలందరికీ పంపారు. అందులో ఒకరు దాన్ని స్టేటస్‌గా కూడా పెట్టుకున్నారు.

"తీసేయమని ఎవరికీ ఫోన్ చేయొద్దు. వస్తున్నా" అన్నాను. తీసేయమంటే అప్పటిదాకా చూడనివాడు కూడా చూస్తాడు. పటాల ముందు నుంచి విండోస్ వేసే నా పెన్‌డ్రైవు తీసుకున్నాను. మా ఆవిడ అది చూసి, పెన్‌డ్రైవు ఉన్న చోట ఒక పువ్వు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్ల హాల్లో మానిటరుకు బంతిపూల మాల, సీపీయూ ముందు నిమ్మకాయ. గిరిజ భర్త సుబ్రమణ్యం చెమటలు తుడుచుకుంటున్నాడు.

"ఫోటో డిలీట్ చేపిస్తే సాలదా అన్నా?"

"ఫోన్లలో గ్యాలరీకి ఎక్కేసుంటుంది. తాళంచెవికి అచ్చు తీసుకున్నోళ్ల ఇంటికి పోయి అచ్చు ఇమ్మని అడుక్కుంటావా, తాళం మారుస్తావా? కొత్త వాలెట్ చేసి, ఉన్నదంతా అందులోకి తోసేయాల."

"అయితే నీ ల్యాప్‌టాప్‌లో సేసెయ్ అన్నా."

అది నేను ఎప్పుడూ చేయను. నా మిషను మీద పుట్టిన వాలెట్‌లో రేపు ఏదైనా పోతే నేను కూడా ఒక అనుమానితుణ్ణే. ఇంట్లో ఫోన్లన్నీ కనబడిన ఆటనల్లా దించుకున్నవి, వాటిని నమ్మలేం. ఇక మిగిలింది గిరిజ కంప్యూటరు. దాన్ని అప్పుడే తెరిచి చూస్తే బాగుండేది గానీ, అది పూజలో ఉంది. దాని సంగతి అడిగితే సుబ్రమణ్యం నసుగుతూ చెప్పాడు. మండీ లెక్కల కోసం క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా తాళం విరగ్గొట్టిన సాఫ్ట్‌వేర్, వేశాడట. అది నడవడానికి యాంటీవైరస్ కూడా ఆపేశాడట.

నాకు ఒళ్లు మండింది. అలాంటి వాటితో పాటు వచ్చే దొంగ ప్రోగ్రాం ఒకటుంది. మనం డబ్బు పంపడానికి, ఖాతా నంబరు లాంటి వాలెట్ అడ్రసు కాపీ చేస్తే, పేస్ట్ చేసే చోట దొంగవాడి అడ్రసు పడుతుంది. మన చేత్తోనే వాడికి పంపుతాం. కాబట్టి ముందు ఫార్మాట్ చేయాలి, అంటే డిస్కు మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేయాలి.

"నీ బొమ్మలు పోతాయి గిరిజా" అన్నాను.

"పంపినవి కంపెనీ కాడ ఉండాయి. మిగతావి మళ్లీ గీసుకుంటా. తుడిచెయ్ అన్నా."

నేను కంప్యూటరు దగ్గరికి వెళ్లబోతే కుప్పమ్మగారు అడ్డం వచ్చారు.

"పూజలో ఉండే వస్తువప్పా. రేపు పొద్దున హారతి ఇచ్చిందాకా ముట్టుకోగూడదు. కోడలికి మంచి జరగాలనే గదా పెట్టినాను."

"అత్తా, రేపటికి ఏమీ మిగలదు" అంది గిరిజ. ఆ మాటలు ఎవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందో అత్తను కూర్చోబెట్టి మొదటిసారి వివరంగా చెప్పింది.

కుప్పమ్మగారు అంతా విన్నారు. "ఇది నాకు ముందే సెప్పుంటే ఆ పటం కూడా ఎవర్నీ తుడవనిచ్చుండను గదమ్మా" అన్నారు. గిరిజ తల దించుకుంది.

అంతలో కుప్పమ్మగారి ఫోను మోగింది. బెంగుళూరులో ఉన్న అక్కకొడుకు. స్పీకరు మీద అతని గొంతు వినబడింది. "పిన్నీ, ఆ కాగితంలో మాటలేంది? బిట్‌కాయిన్ వాలెట్‌ది మాదిరి ఉండాదే."

మేము ముగ్గురం ఆమె వైపు తిరిగాం. కుప్పమ్మగారు తడుముకోలేదు. "ఇంగ్లీసు నేర్చుకుంటా ఉండాన్రా. సదువులమ్మ కాడ పెట్టుకుంటి. నువ్వు తిన్నావా?" అని రెండు మాటలు మాట్లాడి పెట్టేశారు. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ అతనికి తట్టింది ఇంకొకరికి తట్టదా?

ఆమె లేచి కర్పూరం వెలిగించారు. హారతి ఇచ్చి, మానిటరు మీది మాల తన చేత్తోనే తీశారు. "రేపు ఇయ్యాల్సింది ఇప్పుడే ఇస్తి. అమ్మవారికి నేను సెప్పుకుంటా. నువ్వు పని సూడప్పా."

పెన్‌డ్రైవుతో డిస్కు తుడిచి విండోస్ ఎక్కించాను. వాలెట్ అడ్రసు తెలిస్తే అందులో ఎంత ఉందో ఎవరైనా చూడొచ్చు, దానికి తాళంచెవి అక్కర్లేదు. గిరిజ తన భర్త ఫోనులో అదే పనిగా చూస్తూ "ఉండాది... ఉండాది" అంటోంది. తెర మీద ఇన్‌స్టాల్ గీత అంత మెల్లగా జరగడం నా సర్వీసులో నేను చూడలేదు.

వాలెట్ సాఫ్ట్‌వేర్‌ను తయారీదారు సైటు నుంచే దించాం. నెట్‌లో వెతికితే పైన కనబడే ప్రకటనల్లో నకిలీవి ఉంటాయి. కొత్త మాటలు తెర మీదికి వచ్చేముందు నేను లేచి వరండాలోకి వెళ్లాను. ఆమె పెన్నుతో రాసుకుని, కాగితం మడిచాక పిలిచింది. పాత పన్నెండు మాటలు కొట్టి పాత వాలెట్ తెరిచి, కొత్త అడ్రసు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఆమె చదువుతుంటే సుబ్రమణ్యం సరిచూశాడు. "పంపు" అన్నాను. నొక్కింది. కాసేపటికి కొత్త వాలెట్‌లో మొత్తం పడింది. గిరిజ అప్పుడు ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి.

ఆ ఫోటోతో ఎవరైనా ప్రయత్నించారో లేదో ఈనాటికీ తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే. అంతకుముందు వాలెట్ కోసం వచ్చినవాళ్లకు పాస్‌వర్డు, యాంటీవైరస్ చెప్పి పంపేవాణ్ణి. ఇప్పుడు ముందుగా ఇంట్లో ఎవరెవరు ఉంటారో అడుగుతాను. ఆ కాగితం ఎందుకు దాస్తున్నామో వాళ్లందరికీ చెప్పించాకే మౌసు ముట్టుకుంటాను. సంగతి తెలియనివాళ్ల ప్రేమకు ఏ యాంటీవైరసూ లేదు.

పూతలపట్టు గదిలో కంప్యూటర్లు బిగించడానికి నేనే వెళ్లాను. కుప్పమ్మగారు పనికి వచ్చిన ఆడపిల్లలకు కాఫీ కలుపుతున్నారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు.

"అమ్మా, కొత్త కాగితం తడి తగలని చోటే పెట్టినారు గదా?" అని అడిగాను.

ఆమె నా వైపు పైనుంచి కిందిదాకా చూశారు.

"యాడ పెట్టినామో నీకెందుకప్పా? కాపీ తాగు."