పూడిపోతున్న గడి

మా అమ్మ నేసిన ప్రతి చీర కొంగులో ఒక్క గడి ఖాళీగా ఉంటుంది. చంటిపిల్ల బుగ్గన దిష్టి చుక్క పెట్టినట్టు, చీర మరీ నిండుగా ఉండకూడదని ఆవిడ పట్టుదల. కొన్నవాళ్ళకు అది కనపడదు. కనపడినా పొరపాటనుకుంటారు.

మాది చీరాల. ముందు గదిలో నా పాత కంప్యూటర్, వెనక గదిలో అమ్మ మగ్గం. నేను గళ్ళలో డిజైన్ గీస్తాను. దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టిస్తాం, చిల్లులను బట్టి మగ్గం మీద దారాలు లేస్తాయి. మా వ్యాపారమంతా ఆ రెండు గదులే.

అప్పుడు చెల్లెలికి ఆరో నెల. అంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది కనుక ఇంట్లో ఎవరమూ పైకి సంతోషించడం లేదు. సీమంతానికని అమ్మ ఎర్ర చీర మొదలుపెట్టి, ముందుగా కొంగు నేస్తోంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"చుక్కేదే?" అని అరిచింది.

"వదిలానమ్మా, నా చేత్తోనే."

"ఉంటే కనపడదా? వచ్చి చూడు."

లేదు. కంప్యూటర్‌లో చూస్తే అక్కడా ఆ గడి నిండి ఉంది. చెరిపి, సేవ్ చేసి, మళ్ళీ తెరిచాను. నిండి ఉంది. మూడుసార్లు చెరిపాను, మూడుసార్లూ పూడిపోయింది. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు గానీ నాలుగోసారి చెరపడానికి భయమేసింది. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేసి మండిపడ్డాను.

"అది దానంతటదే సరిచేసుకుంటుందండీ. లోపల ఏం జరుగుతుందో మాక్కూడా తెలియదండీ," అన్నాడు అవతలి మనిషి, చాలా మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఇంకా భయమేసింది.

అట్ట చిల్లు మీద కాగితం అంటిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "పూడ్చేవాడు మళ్ళీ పూడుస్తాడే. నేనీ చీర నెయ్యను" అని మగ్గం గుంటలోంచి లేచిపోయింది.

నేను ఊరుకోలేక, చెల్లెలి మొదటి కడుపప్పుడు నేసిన చీర డిజైన్ తెరిచాను. ఈ సాఫ్ట్‌వేర్ కొన్నాక గీసిన మొదటి డిజైన్ అదే. ఆ కొంగులోనూ గడి పూడిపోయి ఉంది. అప్పటి తొందరలో ఇద్దరమూ చూసుకోలేదు, ఆ తర్వాత నేసినవన్నీ పాత అట్టలతోనే. ఆ గడి మాట ఈ రోజు వరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు, కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెళ్ళాడు. ఉచితం, నా పాత డబ్బా మీద కూడా నడుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, లోపల రాసినదంతా ఎవరైనా తెరిచి చదవచ్చన్నాడు. చిన్న వ్యాపారులకు ఉచితం గొప్ప వరమే, కాదనను. నాకు మాత్రం ఆ రోజు కావలసింది తెరిచి ఉన్న తలుపు.

గడి చెరిపాను. సేవ్ చేసి తెరిచాను. ఖాళీగానే ఉంది. అయినా నమ్మకం కుదరక, ఆయన చూపించిన చోట లోపలి రాతలోకి దిగి, గళ్ళు నింపే భాగం వెతికి పట్టుకున్నాను. అక్కడ, రాసినవాళ్ళెవరో తోటివాళ్ళ కోసం ఇంగ్లీషులో రెండు ముక్కలు వదిలారు. ఒంటరిగా ఉన్న ఖాళీని తప్పనుకుని నింపవద్దట. వాళ్ళ అమ్మమ్మ కావాలనే ఒకటి వదిలేదట.

పేరు లేదు, ఊరు లేదు. నేను పెట్టుకున్న భయాన్ని నాకంటే ముందే ఎవరో ఎరిగినట్టుంది. వీపు మీద చెయ్యి పడ్డట్టయి వెనక్కి తిరిగాను. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

ఆ రెండు ముక్కలూ తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ దగ్గరికి వచ్చి స్క్రీన్ మీది ఖాళీ గడి మీద వేలు పెట్టింది.

"ఇది రాసిన పిల్లకి ఎవరు పోయారో," అంది.

తర్వాత వెళ్ళి, అప్పటిదాకా నేసిన కొంగు కత్తిరించేసి, కొత్త అట్టల కోసం ఎదురుచూస్తూ మగ్గం ముందు కూర్చుంది.