గళ్ల గుడ్డల తాడు

మా వీధి బాల్వాడి టీచరమ్మ చనిపోయారు. రాసి చూసుకున్నా నమ్మకం కుదరడం లేదు. ముందు రోజు సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి, "రేపు పాపకు గోళ్లు కత్తిరించి పంపమ్మా" అని చెప్పి వెళ్లిన మనిషి. తెల్లారి నేను ఆ గోళ్లే కత్తిరిస్తున్నాను. బాల్వాడి ఆయా పరుగున వచ్చి, "టీచర్ పోయిట్టాంగమ్మా" అని తమిళంలో ఏడ్చింది. "యాడికి?" అన్నాను. నిజంగా అలాగే అడిగాను. గుండెల్లో నొప్పి అన్నారట, కారులో వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే సగం దారిలో కే.వి.కుప్పం కూడా దాటలేదట.

మీకు ఆవిడ తెలియదు. వేలూరు పక్కన ఈ గుడియాత్తంలో లుంగీలు నేసే మా తెలుగువాళ్ల వీధులు దాటితే ఆవిడను ఎరిగినవాళ్లు తక్కువ. అయినా చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మావి గుంత మగ్గాలు. కాళ్లు గుంతలో పెట్టుకుని కూర్చుని నేస్తాం. పాకే బిడ్డలు అందులో పడతారని పాత లుంగీ చింపి నడుముకు కట్టి, రెండో కొస మగ్గం గుంజకు ముడేస్తాం. మా అమ్మ నన్ను అలాగే కట్టింది, నేను నా కూతురిని కట్టాను. పాపకు రెండేళ్లు వస్తున్నా నిలబడేది కాదు. ఒకరోజు టీచరమ్మ లోపలికి వచ్చి, మగ్గం పక్కన నేల మీదే కూర్చున్నారు.

"ఏందమ్మా, మేకపిల్లను సాకుతా ఉండావా?"

నాకు ఒళ్లు మండింది. "గుంతలో పడితే మీరొచ్చి తీస్తారా?" అన్నాను.

"పడకముందే వచ్చినా కదా. నా కాడికి పంపు, ఆడ గుంత లేదు. దూకేదానికి ఇసక ఉండాది."

ఊరికే అని వెళ్లిపోలేదు. పాపను చూపించడానికి వేలూరు పెద్దాసుపత్రికి నాతో తానే వచ్చారు. బస్సులో దారంతా పాపను ఒళ్లో నిలబెట్టుకుని, కిటికీలో ఆవులను చూపిస్తూనే ఉన్నారు. ఎముకల్లో లోపమేమీ లేదు, ఆడనివ్వండి, అన్నాడు డాక్టరు. ఆ రోడ్డు మీదే ఇప్పుడు ఆవిడ ప్రాణం పోయింది. తలుచుకుంటే నాకు ఇంకా కోపమే వస్తోంది, ఎవరి మీదో తెలియదు.

బిడ్డలను కట్టిన గుడ్డలన్నీ ఆవిడ అడిగి తీసుకున్నారు. పారేస్తారనుకున్నాం. ఒకదానికొకటి కలిపి పొడుగాటి తాడు పేనారు. పిల్లకొక ముడి. ఆ ముళ్లు పట్టుకుని పిల్లలందరూ రైలుబండిలా వీధి చివర ఇసక మేట దాకా నడవాలి. ముందు ముడి టీచరమ్మది. నేను నేసిన నీలం గళ్ల గుడ్డ కూడా అందులో ఉంది.

మొదట్లో నా కూతురు తాడుకు వేలాడుతూ ఈడ్చుకుపోయేది. "టీచరమ్మా, గౌనంతా మన్ను" అని నేను గొణిగితే, "బట్ట మాస్తే సబ్బుండాది. బిడ్డ కదలకుండా కూచుంటే దానికి ఏ అంగట్లో సబ్బు తెస్తావు?" అనేవారు. ఆటయ్యాక అందరి చేతులూ కడిగి సత్తుపిండి ఉండలు పెట్టేవారు. ఇంట్లో రెండు ముద్దలకే మొహం తిప్పుకునే పిల్ల అక్కడ ఇంకోటి అడిగేది. "ఆడించు, అదే తింటాది" అనేవారు. ఏ తల్లి వచ్చి మొరపెట్టుకున్నా ముందు అదే మాట.

ఒక పొద్దున టీచరమ్మ మా పాప ముందు నడుస్తూ తాడును మెల్లగా వదులు చేశారు. తాడు నేల దాకా జారింది. పడిపోతుందని నేను ముందుకు ఉరికాను. పాప వదులు తాడునే గట్టిగా పట్టుకుని నడిచింది, పడలేదు. "చూసినావా, తాడు మోయలేదు. అదే నడిచింది" అన్నారు, నా మొహంలోకి చూసి నవ్వుతూ. నేను ఏడ్చేశాను. ఈరోజు నా కూతురు గోడలెక్కి దూకుతోందంటే అది ఆవిడ పెట్టిన భిక్ష.

పాపకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ రోజు చెప్పులేసుకుని గుమ్మంలోనే కూర్చుంది. టీచరమ్మ మళ్లీ రాదు అని చెప్పాను. "గోళ్లు చూడల్ల కదా?" అంది, రెండు చేతులూ చాపి.

బాల్వాడి మళ్లీ తెరిచిన రోజు పంపడానికి భయపడుతూనే వెంట వెళ్లాను. పిల్లలు వస్తారా, ఈ ఆట ఉంటుందా, మళ్లీ అందరం బిడ్డలను గుంజలకు కట్టుకోవడమేనా అని నా బెంగ. పిల్లలు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే తాడు తీసి ఎవరి ముడి వాళ్లు పట్టుకున్నారు. ఆయా కళ్లు తుడుచుకుని ముందు ముడి మీద చెయ్యి వేసింది.

"అది పట్టుకోవద్దు. టీచరమ్మది" అంది నా కూతురు.

ఆయా చెయ్యి తీసేసి, వెనక్కి వచ్చి పిల్లల నడుమ తాడు పట్టుకుంది. బండి కదిలింది. ఎవరూ పట్టుకోని ఆ ముడి మొదటి పిల్ల చేతి నుంచి కిందికి వేలాడి దుమ్ములో ఒక గీత గీసుకుంటూ పోతుంటే, దాన్ని తొక్కకుండా పిల్లలు నడుస్తున్నారు.